పాదాంతం, పంక్త్యంతం, తెర అంచు: తెలుగు పాఠ సంపాదనలో స్వయంచాలక పంక్తి విరుపు – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

శాసనపాఠాలు, పద్యకావ్యాలు, కైఫియత్తులు కంప్యూటరులోకి ఎక్కుతున్న కాలమిది. ఈ పాఠాలలో పంక్తి ఎక్కడ ముగియాలన్న నిర్ణయాన్ని చాలా సందర్భాలలో టెక్స్ట్ ఎడిటర్‌లోని ముందస్తు అమరికలే తీసుకుంటున్నాయి. శిలాఫలకం అంచు, పద్యపాదం చివర, తెర అంచు అనే మూడు భిన్న విషయాలు ఒకే గుర్తుగా మారడం వల్ల పాఠంలో ఏయే దోషాలు ప్రవేశిస్తున్నాయో, ఈమాక్స్ వంటి ప్రోగ్రామబుల్ ఎడిటర్‌లో వాటిని ఎంతవరకు నివారించవచ్చునో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పాఠ సంపాదన, పంక్తి విరుపు, పాదాంతం, ఈమాక్స్, యూనికోడ్, శాసనపాఠం, రేనాడు.

1. ప్రవేశిక:

కడప జిల్లా పెద్దముడియం పేరు చరిత్ర విద్యార్థులకు ముడివేము అగ్రహారంగా పరిచితం. విజయాదిత్యుని రాణి గర్భవతిగా ఉండి ఈ అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయం పొందిందని, అక్కడే విష్ణువర్ధనుని కన్నదని తూర్పు చాళుక్యుల రాగిరేకులు, విమలాదిత్యుని రణస్తిపూండి శాసనం మొదలుకొని, చెబుతాయి. ఆ ముడివేమే నేటి పెద్దముడియమని పండితులు గుర్తించారు. తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధి పొందిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కలమళ్ళ శాసనం (సుమారు క్రీ.శ. 575) కూడా ఈ రేనాటి సీమలోనిదే. కాబట్టి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నుంచి వచ్చే పరిశోధక విద్యార్థి శాసనపాఠాలను టైపు చేసుకోవడంతో పని మొదలుపెట్టడం సహజం.

ఒక ఊహను తీసుకుందాం. 'ముడివేము' అన్న పేరు రేకు అంచున 'ముడి' దగ్గర ఆగి, తర్వాతి పంక్తిలో 'వేము'గా కొనసాగింది. విద్యార్థి ఉన్నదున్నట్టే రెండు పంక్తులుగా టైపు చేశాడు. తర్వాత పంక్తులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని పేరాను సర్దమని ఎడిటర్‌కు ఆజ్ఞ ఇచ్చాడు. ఎడిటర్ రెండు పంక్తులను కలిపి మధ్యలో ఒక ఖాళీ చేర్చింది. ఇప్పుడు పాఠంలో 'ముడి' అన్న మాట ఉంది, 'వేము' అన్న మాట ఉంది, ముడివేము లేదు. వెదికితే దొరకదు. పదసూచి తయారుచేస్తే వేప చెట్టు ఒకటి అదనంగా మొలుస్తుంది. రెండు ముక్కలకూ అర్థం ఉండడమే ఇక్కడి అసలు ప్రమాదం. అర్థం లేని ముక్క అయితే ప్రూఫు చూసేవారి కంటికి తగులుతుంది. అర్థమున్న ముక్క సిద్ధాంతగ్రంథం దాకా వెళ్తుంది.

ఇది సాంకేతిక సిబ్బంది చూసుకోవలసిన చిన్న విషయమని తెలుగు శాఖలలో ఒక అభిప్రాయం ఉంది. దానితో నేను ఏకీభవించలేను. పంక్తి ఎక్కడ ముగుస్తుందో తేల్చడం పాఠ పరిష్కర్త పని. ఆ పనిని మనం యంత్రానికి అప్పగించామన్న స్పృహ కూడా లేకుండా అప్పగించేస్తున్నాం.

2. రాయి, రేకు, తాటాకు:

రాతిమీద పంక్తి ఫలకం వెడల్పును బట్టి ముగుస్తుంది. చెక్కేవాడికి మాట మధ్యలో ఆగడం దోషం కాదు. రాగిరేకుల పద్ధతీ అంతే. ఎపిగ్రాఫియా ఇండికా వంటి ప్రచురణలు అందుకే శాసనపాఠాన్ని పంక్తి సంఖ్యలతో అచ్చువేస్తాయి, మాట తర్వాతి పంక్తిలోకి సాగితే అడ్డగీతతో చూపుతాయి. పంక్తి సంఖ్య కేవలం ఉల్లేఖన సౌకర్యం కోసం పెట్టినది కాదు. శిథిలమైన చోట ఎన్ని అక్షరాలు పోయి ఉంటాయో ఊహించడానికి పక్క పంక్తుల నిడివే ఆధారం.

తాటాకు మీద రాత ఎడతెగకుండా సాగుతుంది. పద్యం ముగిసిందని తెలిపే గీతలు, సంఖ్య ఉండవచ్చు గాని, పాదాలను విడదీసి చూపడం సాధారణంగా ఉండదు. సి. పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను నియమించి తాళపత్రాలకు కాగితపు ప్రతులు రాయించాడు. అలాంటి ప్రతుల నుంచి అచ్చుపుస్తకం దాకా సాగిన ప్రయాణంలో పద్యం నాలుగు పంక్తులుగా విడింది. యతిప్రాసలను, గణాలను లెక్కించి పండితుడు పాదం చివరను తేల్చాడు. అంటే అచ్చులో కనిపించే పాదాంతం ఒక విశ్లేషణ ఫలితం. టైపు చేసిన ప్రతిలో దాన్ని చెరిపివేస్తే పోయేది కాస్త ఖాళీ జాగా అనుకోరాదు. ఒకరి పరిష్కరణ శ్రమ పోతుంది.

3. పద్యంలో పాదం చివర:

సంస్కృత ఛందస్సులో యతి విరామం. తెలుగులో యతి అక్షరమైత్రి; ఊపిరి ఆపవలసిన చోటని దానికి అర్థం లేదు. అలాగే తెలుగు వృత్తంలో పాదం చివర మాట ముగిసి తీరాలన్న నిర్బంధం లేదు. ఉత్పలమాల పాదంలో ఇరవయ్యో అక్షరం దగ్గర సమాసం సగంలో ఉండవచ్చు, క్రియాపదం సగంలో ఉండవచ్చు. ఒక పాదం నుంచి మరొక పాదంలోకి ఇలా మాట దొర్లడం మన ప్రౌఢ కవుల శైలిలో ప్రధాన లక్షణం. దాని మీద శైలీశాస్త్ర పరిశోధన చేయదలచిన వారికి పాదాంతం ఎక్కడో, పదాంతం ఎక్కడో రెండూ విడివిడిగా తెలియాలి. అచ్చుపుస్తకాలు ఈ విషయంలో ఒక పద్ధతి పాటించలేదు. కొన్ని ముద్రణలు పాదం చివర అడ్డగీత పెడతాయి, కొన్ని ఏ గుర్తూ లేకుండా కిందికి దిగుతాయి. చదువరికి ఛందస్సు తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. యంత్రానికి తెలియదు.

పాదాలు కలిసిపోయినా గురులఘువులు లెక్కించి మళ్ళీ విడదీయవచ్చు కదా అన్న ప్రశ్న రావచ్చు. వృత్తాల విషయంలో ఇది చాలామటుకు నిజం. ఉత్పలమాలకు 20, చంపకమాలకు 21, శార్దూలానికి 19 అక్షరాలు, గణక్రమం స్థిరం, రెండో అక్షరం ప్రాస. చిన్న ప్రోగ్రాము చాలు. కందంలో కూడా ప్రాస ఉంది కాబట్టి దారి దొరుకుతుంది. ఉపజాతుల దగ్గర పని కష్టమవుతుంది. ఆటవెలదికి ప్రాసనియమం లేదు, సూర్యేంద్ర గణాలలో వికల్పాలు ఎక్కువ. వేమన పద్యాల వంటి, పాఠభేదాలు లెక్కకు మించిన సంపుటిలో, ఒక అక్షరం తేడా ఉన్న ప్రతిలో పాదాలు కలిసిపోతే, తేడా గణంలో ఉన్నదా పాదవిభజనలో ఉన్నదా అని తేల్చడానికి మళ్ళీ మూలం దగ్గరకే వెళ్ళాలి. ఇక వచన కవిత సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ పంక్తి విరుపు తప్ప ఛందోసామగ్రి మరొకటి లేదు. పేరాగా సర్దిన వచన కవితను ఏ ప్రోగ్రామూ తిరిగి నిలబెట్టలేదు.

సీసపద్యం ఈ చర్చలో ప్రత్యేకంగా ఆగి చూడదగినది. సీసపాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. అంత పొడవైన పాదం పుస్తకం పుటలో పట్టదు. అచ్చులో దాన్ని రెండు పంక్తులుగా వేయడం ఆచారమైంది: నాలుగు ఇంద్రగణాలు ఒక పంక్తి, మిగిలిన రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు మరొక పంక్తి. ఇది పుట అంచు వల్ల వచ్చిన విరుపా, ఛందస్సు వల్ల వచ్చిన విరుపా? రెండూ అనవలసి ఉంటుంది. ఒక్కొక్క సగానికి వేరుగా యతి ఉంది కాబట్టి విరిచిన చోటుకు లక్షణశాస్త్రంలో ఆధారం దొరికింది. కాని ఎనిమిది పంక్తులను చూసి ఎనిమిది పాదాలనుకుంటే లక్షణం తప్పుతుంది. కంప్యూటరులో ఈ రెండు రకాల పంక్త్యంతాలకూ ఒకటే మీట, ఒకటే గుర్తు.

4. ఎడిటర్ చేసే పని:

ఈమాక్స్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1980ల మధ్యలో గ్నూ ప్రాజెక్టు కోసం రాసిన ఈ ఎడిటర్‌లో దాదాపు ప్రతి ప్రవర్తననూ వాడుకరి లిస్ప్ భాషలో మార్చుకోవచ్చు. కాబట్టి ముందస్తు అమరికలలో దాగిన ఊహలు ఇక్కడ పేర్లతో సహా బయటికి కనిపిస్తాయి. సాధారణ వర్డ్ ప్రాసెసర్‌లో అవి కనిపించవు.

ఇందులో రెండు భిన్న వ్యవస్థలున్నాయి. ఆటో-ఫిల్-మోడ్ అన్నది టైపు చేస్తుండగా పంక్తి ఒక హద్దు దాటితే వెనుకటి ఖాళీ దగ్గర నిజంగా ఒక పంక్త్యంతపు గుర్తును పాఠంలో చొప్పిస్తుంది. ఆ హద్దు పేరు ఫిల్-కాలమ్. ముందస్తు విలువ 70. ఫిల్-పేరాగ్రాఫ్ అన్న ఆజ్ఞ పాత పంక్తులను కలిపి అదే హద్దుకు మళ్ళీ విరుస్తుంది. రెండోది విజువల్-లైన్-మోడ్, 2009లో వచ్చిన 23వ విడుదలతో చేరింది. ఇది పాఠాన్ని ముట్టుకోదు. తెర అంచున మాట మొత్తంగా కిందికి దిగినట్టు చూపుతుంది, అంతే. మొదటిది రాతిమీద చెక్కడం వంటిది, రెండోది అద్దంలో చూపడం వంటిది. ఇంగ్లీషు ఉత్తరానికి రెండింటిలో ఏదైనా ఒకటే. శాసనపాఠానికి మొదటిది పాఠప్రక్షేపం.

పంక్తులు కలిపేటప్పుడు మధ్యలో ఖాళీ చేర్చాలా వద్దా అన్నది కూడా ఈ ఎడిటర్‌లో ఒక పట్టికగా ఉంది. చీనా, జపాను లిపులలో మాటల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి ఆ అక్షరాల మధ్య ఖాళీ చేర్చరాదని పట్టిక చెబుతుంది. తెలుగుకు ఇంగ్లీషు నియమమే వర్తిస్తుంది. మన ఆధునిక వచనానికి అది సరైనదే. మన శాసనానికి, మన వృత్తానికి సరిపడదు. తెలుగును కూడా ఆ పట్టికలో చేర్చుదామంటే పాదం చివర నిజంగా ముగిసిన మాటలు తర్వాతి మాటలతో అతుక్కుపోతాయి. విమ్ అనే మరొక ప్రసిద్ధ ఎడిటర్‌లో ఫార్మాట్-ఆప్షన్స్ అన్న అమరికకు ఆసియా లిపుల కోసం ఉద్దేశించిన అక్షర సంకేతాలున్నాయి. వాటిని తెలుగు పాఠం మీద వాడితే మాట మధ్యలో ఎక్కడైనా, సంయుక్తాక్షరంలో పొల్లు దగ్గర కూడా, పంక్తి విరిగే వీలు కలుగుతుంది. ఆసియా అంటే ప్రతి అక్షరం ఒక మాట అయిన లిపి అన్న ఊహ దాని వెనుక ఉంది. ఒకవైపు ఇంగ్లీషు, మరొకవైపు చీనా. మధ్యలో మనకు చోటు లేదు. ఈమాక్స్‌తో పాటు వచ్చే హలో అన్న దస్త్రంలో లోకభాషల పలకరింపుల మధ్య మన 'నమస్కారం' కూడా ఉంటుంది గాని, పలకరింపు వేరు, పరిచయం వేరు.

విచిత్రమేమంటే, మనకు కావలసిన భేదం ఈమాక్స్‌కు పాతికేళ్ళకు పైగా తెలుసు. యూజ్-హార్డ్-న్యూలైన్స్ అన్న అమరికలో రచయిత ఉద్దేశపూర్వకంగా కొట్టిన పంక్త్యంతం కఠినం. ఎడిటర్ సర్దుబాటు కోసం చొప్పించినది మృదువు. సర్దినప్పుడు కఠినమైనవి కదలవు. పాదాంతాన్ని కఠినంగా, మిగతావాటిని మృదువుగా ఉంచవచ్చునన్న మాట. కాని సాదా పాఠంగా భద్రపరచగానే ఈ భేదం మాయమవుతుంది. 1996 నాటి టెక్స్ట్-ఎన్‌రిచ్డ్ రూపంలో భద్రపరిస్తే మిగులుతుంది. అందులో ఒంటరి పంక్త్యంతం ఖాళీతో సమానం, వరసగా రెండు వస్తే ఒక నిజమైన పంక్త్యంతం. వికీసోర్స్‌లో పని చేసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ కూడా ఒంటరి పంక్త్యంతం ఖాళీగా మారిపోతుంది, పద్యాన్ని 'పోయెమ్' ట్యాగు మధ్య పెడితేనే పాదాలు నిలుస్తాయి. ట్యాగు మరచిన పుటలో కందపద్యం వచనమవుతుంది.

5. డెబ్బై అంటే ఎన్ని?

ఫిల్-కాలమ్ విలువ 70 అన్నప్పుడు డెబ్బై ఏమిటి? 'పెద్దముడియం' అన్న మాటనే కొలుద్దాం. ఛందస్సు ప్రకారం అయిదు అక్షరాలు: పె, ద్ద, ము, డి, యం. యూనికోడ్ సంకేతాలుగా లెక్కిస్తే పదకొండు. యూటీఎఫ్-8 బైట్లుగా ముప్పైమూడు. వెడల్పు లేని గుర్తులను వదిలేసి లెక్కించే పద్ధతి ఒకటుంది. అందులో ఎత్వం, పొల్లు, గుడి తీసివేతకు లోనవుతాయి, కొమ్ము, సున్న మాత్రం లెక్కకు వస్తాయి. ఎందుకంటే యూనికోడ్ వర్గీకరణలో గుడి జాగా ఆక్రమించని గుర్తు, కొమ్ము జాగా ఆక్రమించే గుర్తు. ఆ ప్రకారం మన ఊరు ఎనిమిది గళ్ళు. 'కి' ఒక గడి, 'కు' రెండు గళ్ళు అన్న ఈ లెక్క ఏ లక్షణకారుడికీ తోచనిది. తెర మీది అసలు వెడల్పు ఖతిని బట్టి మారుతుంది; అది అయిదో కొలత.

యూనిక్స్‌లో పంక్తులను కత్తిరించే ఫోల్డ్ ఆజ్ఞ గ్నూ రూపంలో చాలాకాలం బైట్లనే లెక్కించింది. ముప్పైమూడు బైట్ల మాటను అది అక్షరం నడుమ కోస్తే తెర మీద ప్రశ్నార్థకాలు మిగులుతాయి. యూనికోడ్ ప్రమాణం కూడా ఈ విషయంలో ఆలస్యంగానే మేలుకొంది. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 రూపం దాకా 'ద్ద'ను సాధారణ నియమాల ప్రకారం రెండు ముక్కలుగానే లెక్కించేవారు. ఆ రూపంలో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాలను ఒకే ముక్కగా పరిగణించే నియమం చేరింది. ఇక పంక్తి విరుపు నియమాలలో తెలుగక్షరాలు రోమన్ అక్షరాల వర్గంలోనే ఉన్నాయి; ఖాళీ దగ్గర తప్ప విరవరాదు. మన పాత అచ్చుపుస్తకాలలో అక్షరం పూర్తయిన ఏ చోటనైనా, అడ్డగీత కూడా లేకుండా, పంక్తి విరగడం చదువరులందరూ ఎరిగినదే. దీర్ఘసమాసాల భాషకు అది వీలైన పద్ధతి. ప్రమాణం ఆ సంప్రదాయాన్ని లెక్కలోకి తీసుకోలేదు. సంతోష్ తొట్టింగల్ తెలుగుకు కూడా తయారుచేసిన పదవిచ్ఛేద నమూనాలు టెక్ వ్యవస్థలో చేరడంతో అచ్చు కూర్పు వరకు కొంత ఊరట లభించింది. అవి పుట తయారీకి పనికివస్తాయి. మూలపాఠం దస్త్రంలో వాటికి పని ఉండరాదు.

6. అమరికల ప్రతిపాదన:

మూలపాఠం ఉన్న దస్త్రంలో పంక్త్యంతపు గుర్తు మూలంలో పంక్తి ముగిసిన చోట మాత్రమే ఉండాలన్నది నా వాదం. శాసనానికి ఫలకపు పంక్తి, పద్యానికి పాదం, వచన కవితకు కవి విరిచిన చోటు. తెర సౌకర్యానికి విజువల్-లైన్-మోడ్ చాలు. ఆటో-ఫిల్-మోడ్‌ను ఆ దస్త్రాల వరకు పూర్తిగా ఆపివేయాలి. ఈమాక్స్‌లో ఒక్కొక్క ఫోల్డరుకు వేర్వేరు అమరికలు రాసిపెట్టే డైర్-లోకల్స్ అన్న దస్త్రం ఉంటుంది. శాసనాల ఫోల్డరుకు ఒక విధం, సొంత వ్యాసాల ఫోల్డరుకు మరొక విధం నిర్ణయిస్తే రోజూ గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుంది.

ఫిల్-నోబ్రేక్-ప్రెడికేట్ అన్న అమరిక ఇంకా విలువైనది. ఇక్కడ విరవవచ్చా అని ఎడిటర్ అడిగే ప్రశ్నకు మనం రాసిన చిన్న లిస్ప్ ఫంక్షన్ జవాబు చెబుతుంది. అవునన్న విలువ వస్తే అక్కడ విరవదు. ఫ్రెంచివారు తమ విరామచిహ్నాల ముందు ఉండే ఖాళీ కోసం ఒక ఫంక్షన్‌ను ఎడిటర్‌లోనే చేర్పించుకున్నారు. మన వ్యాసరచనకు 'క్రీ.శ.' తర్వాత సంవత్సరం, 'సి. పి.' తర్వాత బ్రౌన్, పేరు తర్వాత 'గారు' విడిపోకుండా చూసే ఫంక్షన్ పది పంక్తులు దాటదు. పద్యాల ఫోల్డరులో అయితే అన్ని ప్రశ్నలకూ 'విరవవద్దు' అనే ఒకే జవాబు.

మాట తర్వాతి పంక్తిలోకి సాగిన చోట ఒక గుర్తు తప్పనిసరి. అడ్డగీత వాడితే నిజమైన అడ్డగీతతో గందరగోళం; నిలువుగీత మన పాఠాలలో విరామచిహ్నం. అలగీత (~) ప్రాచీన పాఠాలలో కనిపించదు కాబట్టి దాన్ని వాడవచ్చు. 'ముడి~' అని పంక్తి ముగిస్తే వెదుకులాటకు, పదసూచికి యంత్రం ఆ గుర్తును, పంక్త్యంతాన్ని రెండింటినీ తొలగించి ముడివేమును చూస్తుంది. ప్రదర్శనకు పంక్తి యథాతథంగా నిలుస్తుంది. శాసనపాఠాల అంతర్జాతీయ పద్ధతి అయిన ఎపిడాక్‌లో పంక్త్యంతపు ట్యాగుకు 'బ్రేక్ = నో' అన్న లక్షణం ఇందుకోసమే ఉంది. మన అలగీతను ఆ రూపంలోకి మార్చడం ఒక్క ఆజ్ఞతో అయ్యే పని. సీసానికి మరొక గుర్తు కావాలి. పాదం మధ్య విరుపును పంక్త్యంతంగా కొట్టకుండా, పాదమంతా ఒకే పంక్తిలో ఉంచి సగం దగ్గర ఒక చిహ్నం పెట్టడం మేలని నా అభిప్రాయం. తెర మీద అందం కాస్త తగ్గుతుంది. నాలుగు పాదాలు నాలుగు పంక్తులుగా లెక్కకు వస్తాయి.

పీడీఎఫ్‌ల నుంచి, యూనికోడేతర ఖతుల నుంచి మార్చుకున్న పాఠాలకు ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. వాటిలో పుట వెడల్పును బట్టి పడిన పంక్త్యంతాలు అప్పటికే పాఠంలో భాగమై ఉంటాయి. వాటిని శుభ్రం చేయకుండా పదాల లెక్కలు వేసి పట్టికలు గీయడం ఈమధ్య పరిశోధనలలో పెరుగుతోంది. పట్టికలు చూడముచ్చటగానే ఉంటాయి.

7. వచనపాఠాల చిక్కు:

కైఫియత్తుల దగ్గర పై నియమం నిలవదు. కాలిన్ మెకంజీ సేకరణలోని కడప జిల్లా కైఫియత్తులను సి. పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రం సంపుటాలుగా వెలువరించింది. ఆ వచనంలో వాక్యాలు అసమాపక క్రియల మీద సాగిపోతాయి, విరామచిహ్నాలు దాదాపు ఉండవు. రాతప్రతిలో పంక్తి కాగితం అంచు వల్ల ముగిసింది. దానికి ఛందోవిలువ లేదు, శిథిలభాగాల ఊహకు తప్ప శాసనపంక్తికి ఉన్న సాక్ష్యవిలువా లేదు. బ్రయన్ కెర్నిఘన్ 1974లో యూనిక్స్ కొత్తవాడుకరులకు రాసిన పాఠంలో ప్రతి వాక్యాన్నీ కొత్త పంక్తిలో మొదలుపెట్టమని సూచించాడు. దిద్దుబాటుకు, రెండు ప్రతులను పోల్చడానికి అది చక్కని పద్ధతి. ఆధునిక వచనానికి నిస్సంకోచంగా అనుసరించవచ్చు. కైఫియత్తులో మాత్రం వాక్యం ఎక్కడ ముగిసిందన్నదే వివాదం. 'చేయించి', 'ఇచ్చి', 'ఉండగా' అని సాగే చోట పంక్తి కొట్టిన మరుక్షణం దానం ఇచ్చినవాడెవరో, పుచ్చుకున్నవాడెవరో ఒక అర్థం స్థిరపడిపోతుంది. అలాంటి పాఠాన్ని ఒక పేరాకు ఒకే పొడవాటి పంక్తిగా ఉంచి, రాతప్రతి పుటసంఖ్యలను మాత్రం కుండలీకరణాలలో గుర్తించి, వాక్యవిభజనను వేరే దస్త్రంలో సంపాదకుని పేరుతో ఇవ్వడం ప్రస్తుతానికి నాకు తోచిన మార్గం. రెండు ప్రతులను పోల్చే ప్రోగ్రాములు ఇంత పొడవైన పంక్తుల మీద తేడాను మాట స్థాయిలో చూపలేక పంక్తి మొత్తాన్ని మారినట్టు చూపుతాయి. మాట స్థాయి పోలికను విడిగా ఎంచుకుంటే ఆ ఇబ్బంది చాలామటుకు తీరుతుంది.